తలుపు మూయకముందు యాభై నిమిషాలు

మా పెద్దమ్మతో ఎవరింటికైనా వెళ్ళాలంటే నాకు తల కొట్టేసినట్టు ఉంటుంది. ఇంటివాళ్ళు రండి రండి అని నోరారా పిలుస్తుంటే ఈవిడ గుమ్మంలోనే ఆగి, తలుపు లోపలికి తెరుచుకుంటుందా బయటికా అని చూస్తుంది. గొళ్ళెం ఒకసారి వేసి తీస్తుంది. కూర్చున్నాక, వెనకవైపు ఇంకో దారి ఉందా అని అడుగుతుంది. సినిమాహాల్లో అయితే మా సీటు నుంచి తలుపుదాకా ఎన్ని వరసలో వేళ్ళ మీద లెక్కపెట్టి, నా చేత కూడా లెక్కపెట్టిస్తుంది. మోకాళ్ళ నొప్పులకి డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే, ఆయన వెనకున్న కిటికీ గడియ తుప్పు పట్టిందని ఆయనకే చెప్పి వచ్చింది. ఫీజు తీసుకోవడానికి ఆయన మొహమాటపడ్డాడు.

ఉద్యోగం అలాంటిది మరి. ఇరవై ఏళ్ళు విమానాల్లో ఎగిరింది. మోకాళ్ళు మొరాయించాక, పదకొండేళ్ళుగా అదే కంపెనీలో క్యాబిన్ సిబ్బందికి శిక్షణ ఇస్తోంది. ప్రమాదం వస్తే తలుపు ఎలా తీయాలి, జారుడుబల్ల ఎలా విప్పాలి, భయంతో బిగుసుకుపోయినవాణ్ణి ఎలా కిందికి నెట్టాలి, ఇవన్నీ ఆవిడ దగ్గర నేర్చుకున్నాకే ఎవరైనా విమానం ఎక్కాలి. శిక్షణ పూర్తయినట్టు ఇచ్చే కార్డు మీద ఆవిడ సంతకం పడకపోతే ఒంటి మీద యూనిఫాం ఉన్నా ఎగరడానికి వీల్లేదు. కంపెనీలో అందరూ ఆవిణ్ణి ‘తలుపుల మేడమ్’ అంటారు. నాలుగేళ్ళ కిందట నేనూ ఆ సంతకంతోనే ఉద్యోగంలో చేరాను. ఆవిడ ఇంట్లోనే ఉంటున్నాను కదా, చెల్లెలి కూతుర్ని కదా, చూసీ చూడనట్టు పోతుందనుకున్నాను. మొదటిసారి నన్ను ఫెయిల్ చేసింది. ఆ సాయంత్రం నాకిష్టమైన కూర వండి, దగ్గర కూర్చుని కొసరి కొసరి వడ్డించింది. ఫెయిల్ మాత్రం ఫెయిలే.

ఆవిడకి ఇంకో చాదస్తం ఉంది. శిక్షణకి వచ్చిన ప్రతివాళ్ళూ ఒక నీలం అట్ట పుస్తకంలో, ఆ రోజు చేసిన ప్రతి పనినీ తమ చేతిరాతతో, టైముతో సహా రాయాలి. ‘క్యాబిన్ సిద్ధం చేశాను’ అని రాస్తే ఒప్పుకోదు. ఏ వరసలో ఏ బెల్టు చూశావో రాయాలి. “చేసింది రాయి, చేశాననుకున్నది రాయకు” అనేది ఆవిడ మాట. ప్రతి పేజీ అడుగున రెండు గడులుంటాయి: పని మొదలైన సమయం, పని ముగిసిన సమయం. అవి కూడా రాసినవాళ్ళే నింపాలి. పుస్తకం మొత్తం మీద నలభై గంటల పని కనబడితేనే సంతకం. ఈ నలభై గంటల రూలు పెద్దమ్మది కాదు, కంపెనీ భద్రతా విభాగానిది. దిద్దడానికి ఆవిడ ఆకుపచ్చ సిరా వాడుతుంది. ఎర్ర పెన్ను ఇంట్లో కూడా ఉండనివ్వదు. ఎందుకని అడిగితే “కళ్ళకి పడదు” అంటుంది.

ఇక గొడవ సంగతికి వస్తాను. మా కంపెనీలో క్యాబిన్ సిబ్బందికి జీతం లెక్కపెట్టే గడియారం విమానం తలుపు మూశాక మొదలవుతుంది, దిగాక తలుపు తీయగానే ఆగిపోతుంది. అంతకుముందు మేం చేసేదంతా గాలికి పోయినట్టే. జనం ఎక్కుతున్నప్పుడు చేసే చాకిరీ ఎంతో ఎక్కినవాళ్ళందరికీ తెలుసు. పెట్టెలు పైకి ఎత్తాలి. ఒకే సీటు కోసం కొట్టుకుంటున్న ఇద్దర్ని విడదీయాలి. ఏడుస్తున్న పిల్లల్ని, అంతకన్నా ఎక్కువ ఏడుస్తున్న తండ్రుల్ని సముదాయించాలి. ఆక్సిజన్ సీసాలు, మంటలార్పే సీసాలు చూసుకోవాలి. ఇదంతా నవ్వు చెదరకుండా చేయాలి. రోజుకి నాలుగుసార్లు ఇదే తంతు. ఆ సమయాన్ని కూడా పనిలో లెక్కవేసి జీతం ఇమ్మని మా యూనియన్ రెండేళ్ళుగా అడుగుతోంది.

జవాబుగా సిబ్బంది వ్యవహారాలు చూసే పెద్ద అధికారి మాకందరికీ ఒక ఉత్తరం పంపాడు. తలుపు మూయడంతో మొదలెట్టి తలుపు తీయడంతో లెక్క కట్టేస్తాడని మేం ఆయనకి ‘గడియారం సారు’ అని పేరు పెట్టుకున్నాం. ఆ ఉత్తరంలో ఒక వాక్యం ఉంది: ‘తలుపు మూయకముందు మీరు చేసేది పని కాదు, స్వాగతం.’

ఆ వాక్యం చదివి యూనియన్ ఆఫీసులో ముందు నవ్వారు, తర్వాత ఒంటికాలి మీద లేచారు. వారం తిరక్కుండా ఓటు పెట్టి, పద్నాలుగు రోజుల్లో సమ్మె అని నోటీసు ఇచ్చేశాం. నాకైతే ఇంట్లో కూడా ఆ మాట పట్టుకుంది. గిన్నెలు తోమవే అని పెద్దమ్మ అంటే, “తోమను. అది పని కాదు, స్వాగతం” అనేదాన్ని.

“అయితే తినడం కూడా పని కాదు, మానెయ్” అనేది ఆవిడ.

నోటీసు ఇచ్చిన మూడో రోజున పిడుగులాంటి కబురు తెలిసింది. సమ్మె రోజుల్లో విమానాలు ఆగకుండా, ఆఫీసువాళ్ళనే పన్నెండు మందిని క్యాబిన్ సిబ్బందిగా తయారు చేస్తారట. పన్నెండు మందితో ముఖ్యమైన విమానాలు నాలుగు నడిపితే చాలు, సమ్మె వీగిపోయిందని పేపర్లో వేయించుకోవచ్చు. గడియారం సారు ఆ పన్నెండు మందిలో తన పేరే ముందు రాసుకున్నాడట. “ట్రేలు మోయడం బ్రహ్మవిద్యా?” అన్నాడట. వాళ్ళకి పది రోజుల శిక్షణ ఇచ్చి, చివర సంతకం పెట్టాల్సింది మా పెద్దమ్మ. పెద్దమ్మ సరేనంది.

ఆ సాయంత్రం నేను ఇల్లు పీకి పందిరేశాను.

“సరేనని ఎలా అన్నావు? నీ దగ్గర నేర్చుకున్న పిల్లల నోట్లో మట్టి కొడతావా?”

“నేర్పమన్నారు. నేర్పడం నా ఉద్యోగం. నేను శిక్షణ విభాగంలో ఉన్నాను, యూనియన్‌లో లేను. ఇంకో నాలుగు నెలల్లో రిటైరవుతాను. గొంతు తగ్గించు, పక్కవాళ్ళు అన్నం తింటున్నారు.”

నా మాట వినకపోతే పెద్దవాళ్ళ మాట వింటుందేమోనని మా యూనియన్ సెక్రటరీని తీసుకొచ్చాను. ఆవిడా ఒకప్పుడు పెద్దమ్మ శిష్యురాలే. ఊళ్ళో ఎవరికీ భయపడదు గాని, మా ఇంట్లో సోఫా అంచున స్కూలు పిల్లలా కూర్చుంది.

“మేడమ్, మిమ్మల్ని నేర్పొద్దనడం లేదు. నేర్పండి. చివర్లో అందర్నీ ఫెయిల్ చేసేయండి, అంతే” అంది.

“నిన్ను రెండుసార్లు ఫెయిల్ చేశాను, గుర్తుందా?”

సెక్రటరీ నా వైపు ఓరగా చూసింది. ఆ సంగతి నాకు తెలియదు.

“అప్పుడు నువ్వు నిజంగా తప్పావు కాబట్టి చేశాను. మీ అందరి కార్డుల మీదా ఉన్నది నా సంతకమే. ఎవరి మీదో కోపంతో నేనొక్క అబద్ధం రాస్తే, రేపు మీ కార్డులు మాత్రం ఎవరు నమ్ముతారు? వాళ్ళు నేర్చుకుంటే సంతకం పెడతాను. నేర్చుకోకపోతే పెట్టను. ఇందులో మీ సమ్మె లేదు, వాళ్ళ ఉత్తరమూ లేదు.”

సెక్రటరీ టీ కూడా తాగకుండా వెళ్ళిపోయింది. నాకు ఏడుపొచ్చింది. పన్నెండు మందీ ఫెయిలవ్వాలని దేవుడికి దండం పెట్టుకోవడం తప్ప మాకు ఇంకో దారి లేదు. ఆ పది రోజులూ పెద్దమ్మతో అవసరమైనంతే మాట్లాడాను.

శిక్షణ కేంద్రంలో ఒక పెద్ద రేకుల షెడ్డులో రెక్కల్లేని విమానం ఒకటుంది. నలభై సీట్లు, రెండు తలుపులు, వెనక చిన్న వంటగది. ఎవరికి శిక్షణ జరిగినా, డ్యూటీ లేని సిబ్బందిని వంతులవారీగా పిలిచి అందులో ప్రయాణికులుగా కూర్చోబెడతారు. దాన్ని మేం ‘కూర్చునే డ్యూటీ’ అంటాం. సమ్మె ఇంకా మొదలవలేదు కనక వంతు తప్పదు. అందులో నా వంతు కూడా వచ్చింది. వీళ్ళకి ప్రయాణికుడంటే ఏమిటో చూపిద్దాం అని మేమంతా నడుం బిగించి వెళ్ళాం.

పెద్దమ్మ మమ్మల్ని గుమ్మంలోనే ఆపింది. “ఎప్పటి రూలే ఇప్పుడూ. విమానంలో మీరు కళ్ళారా చూసిందే చేయాలి. ఒక్కటి కల్పించి చేసినా బయటికి పంపేస్తాను.”

కల్పించాల్సిన అవసరం ఏముంది? నిజంగా చూసినవే కావలసినన్ని ఉన్నాయి. ఒకడు కుట్టుమిషను మోసుకొచ్చి సీటు కింద పెడతానన్నాడు. ఒకావిడ మల్లెమొక్క కుండీని ఒళ్ళో పెట్టుకుని, దానికి కిటికీ సీటు కావాలంది. ఇద్దరు అన్నదమ్ములు మాటల్లేవని, ఒకరి పక్కన ఒకరు కూర్చునేది లేదన్నారు. నేను పద్నాలుగు నెలల కిందట చూసిన ఒక పెద్దమనిషి వేషం కట్టాను. ఆయన ఎక్కింది మొదలు, ఈ విమానం తను వెళ్ళాల్సిన ఊరికే పోతుందా అని ప్రతి రెండు నిమిషాలకీ ఒకసారి అడిగాడు. నేనూ గడియారం సారుని పట్టుకుని అలాగే అడిగాను. ఏడోసారి ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. అయినా కోప్పడలేదు. “అవునండీ, ఆ ఊరికే. దిగాక నేనే మీకు చెబుతాను” అన్నాడు. నాకు కొంచెం సిగ్గేసింది. అయినా ఎనిమిదోసారి అడిగాను. రూలు రూలే.

ఆయన కోటు ఎక్కడో విప్పేశాడు. చొక్కా వీపుకి అంటుకుపోయింది. కుట్టుమిషను పైకెత్తబోయి అరచేయి నలగ్గొట్టుకున్నాడు. అన్నదమ్ముల్లో కిటికీ దగ్గరున్నవాణ్ణి వేరే వరసకి మార్చి, ఆ సీటులో మల్లెకుండీ ఆవిణ్ణి కూర్చోబెట్టి రెండు గొడవలూ ఒకేసారి తీర్చాడు. అది చూసి పెద్దమ్మ తల ఊపింది. ఆవిడ తల ఊపిందంటే మామూలు సంగతి కాదు. నాకైతే నాలుగేళ్ళలో రెండుసార్లే ఊపింది. మొత్తానికి యాభై నిమిషాలకి అందరూ కూర్చున్నారు. ఆయన తలుపు మూసి, పిడి తిప్పి, సిబ్బంది కూర్చునే మడతసీటులో కూలబడ్డాడు. చేత్తో మొహం తుడుచుకుని, షెడ్డంతా వినబడేలా అన్నాడు:

“హమ్మయ్య! పని అయిపోయింది!”

ముందు కుండీ ఆవిడ ఫక్కున నవ్వింది. దాంతో అందరికీ కడుపు చెక్కలయ్యేలా నవ్వొచ్చింది. తను ఏమన్నాడో ఆయనకి అప్పుడు అర్థమైంది. చెవులు ఎర్రబడ్డాయి. పాపం, తనూ నవ్వాడు. నవ్వనిది పెద్దమ్మ ఒక్కతే.

“లేవండి సార్, ఎదుటి తలుపు కూడా చూడాలి. చూసి, ఇప్పటిదాకా చేసిందంతా పుస్తకంలో రాయండి” అంది.

రోజుకి రెండు విడతలు, విడతకి రెండు గంటల పైచిలుకు. ఎక్కించడం యాభై నిమిషాలు, మిగతాది తలుపులు మూశాక చేయాల్సిన పనులు. పది రోజుల్లో నాకు మూడుసార్లు కూర్చునే డ్యూటీ పడింది. చెప్పొద్దూ, వెళ్ళిన ప్రతిసారీ నా గుండె ఇంకాస్త జారిపోయింది. వాళ్ళు బాగా నేర్చుకుంటున్నారు. మొదటి రోజు జారుడుబల్ల మీద నుంచి కళ్ళు మూసుకుని, కెవ్వున అరుస్తూ దిగిన అకౌంట్స్ ఆయన, ఎనిమిదో రోజుకి “దూకండి! ముందుకు నడవండి!” అని గదమాయిస్తున్నాడు. పెద్దమ్మ మాకు నేర్పినంత శ్రద్ధగానే వాళ్ళకీ నేర్పింది. ఒక్క పాఠం దాచుకోలేదు. దాచుకోవచ్చు కదా అని నాకు ఒళ్ళు మండిపోయేది.

పదో రోజు శనివారం. సోమవారం పొద్దున్నుంచి సమ్మె. ఆఖరి పరీక్ష అయ్యేసరికి మధ్యాహ్నం మూడైంది. పన్నెండు మందీ పాసయ్యేలా చేశారు. మేం నలభై మందిమీ సీట్లలోంచి కదల్లేదు. పెద్దమ్మ ట్రేల బండి మీద పన్నెండు నీలం పుస్తకాలూ పేర్చుకుని, కళ్ళజోడు పెట్టుకుంది. అన్నీ ఏ రోజుకారోజు లెక్క చూసి ఉంచిందట. పైనున్న పుస్తకం గడియారం సారుది.

“సార్, మీరు బాగా నేర్చుకున్నారు. సంతకం పెట్టడానికి నాకు ఏ అభ్యంతరమూ లేదు. ఒక్క చిన్న సంగతి సరిచూసుకోవాలి. పని మొదలైన సమయం అన్న గడిలో, మొదటి ప్రయాణికుడు ఎక్కిన టైము రాశారు. పది రోజులూ అలాగే రాశారు.”

“అవును మేడమ్. అప్పుడే కదా మొదలుపెట్టాం.”

“అలా అయితే మొత్తం నలభై ఒక్క గంటలు. సరిపోయింది. కాని మీ ఉత్తరంలో తలుపు మూయకముందు చేసేది పని కాదని ఉంది. ఆ లెక్కన ఇది తప్పు. తలుపు మూసిన టైము వేసుకుంటే మీది ఇరవై నాలుగు గంటలే అవుతుంది. నలభై నిండందే సంతకం పెట్టకూడదని కంపెనీ రూలు. మిగతా పదకొండు మందిదీ ఇదే లెక్క.”

పెద్దమ్మ పుస్తకాన్ని ఆయన వైపు తిప్పి, పెన్ను పక్కన పెట్టింది.

“తప్పు రాశానంటే మార్చండి, ఫెయిల్ అని రాస్తాను. సరిగ్గానే రాశానంటే ఉంచండి, సంతకం పెడతాను. అది పనో కాదో చెప్పాల్సింది మీరు. ఉత్తరం రాసింది మీరే, పుస్తకం రాసిందీ మీరే.”

మేమంతా సీటు జేబులోని భద్రతా కార్డులు తీసి మహా శ్రద్ధగా చదువుతున్నట్టు నటిస్తున్నాం. నా కార్డు తలకిందులుగా ఉందని తర్వాత తెలిసింది. గడియారం సారు పెన్ను తీసుకున్నాడు. పేజీలు తిప్పాడు. కుట్టుమిషను, మల్లెకుండీ, ఊరు అడిగిన పెద్దమనిషికి ఎనిమిదిసార్లు జవాబు, అన్నీ ఆయన చేతిరాతే. నలిగిన అరచేయి వైపు ఒకసారి చూసుకున్నాడు. మార్చేస్తాడేమోనని నా ప్రాణం గిలగిల్లాడింది. మారిస్తే వాళ్ళకి సంతకాలు ఉండవు, మార్చకపోతే ఆయన ఉత్తరానికి విలువ ఉండదు. ఎటు తిరిగినా మాకు మంచిదేనని నాకు తోచడానికి ఇంకో నిమిషం పట్టింది. నేను కొంచెం నిదానం.

ఆయన పెన్ను కింద పెట్టేశాడు.

“నేను చేసిందే రాశాను మేడమ్. మార్చను” అన్నాడు.

పెద్దమ్మ పన్నెండు మంది కార్డుల మీదా పన్నెండు సంతకాలు పెట్టింది. ఆయన వెనక వంటగదిలోకి వెళ్ళి డైరెక్టరుకి ఫోన్ చేశాడు. పరదా ఒకటే అడ్డం కాబట్టి అన్నీ వినబడ్డాయి.

“పాసయ్యాం సార్. అందరం… లేదు సార్, అదే ఇబ్బంది. అది పని కాదంటే మేం ఫెయిలు. మేం పాసంటే అది పని… మేడమ్‌ని ఏమీ అనడానికి లేదు సార్, రూల్ మనదే… సార్, మీరొకసారి ఆ కుట్టుమిషను ఎత్తి చూడండి, తర్వాత మాట్లాడదాం.”

ఆదివారం చర్చలు పెట్టుకున్నారు. నీలం పుస్తకాన్ని గడియారం సారే చంకలో పెట్టుకుని వెళ్ళాడట. మా సెక్రటరీ రెండు గంటల ప్రసంగం తయారు చేసుకుని వెళ్తే, దాన్ని విప్పే అవకాశమే రాలేదట. మొదటి ప్రయాణికుడు ఎక్కినప్పటి నుంచీ పని మొదలైనట్టేనని సాయంత్రానికి ఒప్పందం కుదిరింది. సమ్మె రద్దయింది. మూడు రోజులు కష్టపడి రాసిన బ్యానర్లు వృథా అయ్యాయనీ, గోళ్ళ రంగు ఇంకా వదల్లేదనీ సెక్రటరీ గొణుక్కుంది. అయినా మిఠాయి డబ్బాతో మా ఇంటికొచ్చి, ఈసారి సోఫాలో వెనక్కి వాలి కూర్చుని టీ తాగింది.

ఆవిడ వెళ్ళాక, పది రోజులు మూతి ముడుచుకున్నందుకు పెద్దమ్మ ముందు చెవులు పట్టుకున్నాను.

“ఇదంతా ముందే అనుకున్నావా?”

“నలభై గంటలు నిండాయో లేదో చూడటం నా పని. చూశాను” అంది. బీరువా అడుగున చీరల కింద నుంచి ఒక పాత నీలం పుస్తకం తీసింది. ముప్ఫై ఒక్క ఏళ్ళ కిందటిది, ఆవిడ కొత్తగా చేరి, నిజం విమానంలోనే శిక్షణ తీసుకున్నప్పటిది. మొదటి పేజీలో, ఇప్పటికన్నా గుండ్రంగా ఉన్న ఆవిడ రాతలో, పని మొదలైన సమయం 6.10 అని ఉంది. దాన్ని ఎర్ర సిరాతో అడ్డంగా కొట్టేసి 7.00 అని దిద్దారు. పైన ఏడు గంటలకి ముందున్న వరసలన్నీ కూడా కొట్టేశారు.

“నాకు నేర్పినావిడ దిద్దింది. చెడ్డమనిషి కాదు, అప్పటి పద్ధతి అది. మిగతావి పోతే పోయాయి గాని…” అని ఒక వరస మీద వేలు పెట్టింది. ఎర్ర గీత కింద చదివాను: ‘6.25. కళ్ళు కనబడని తాతగారిని చెయ్యి పట్టుకుని తొమ్మిదో వరసకి తీసుకెళ్ళాను.’

“అది కూడా పని కాదని కొట్టేసింది. ఆ తాతగారు దిగేటప్పుడు నా చెయ్యి వెతుక్కున్నాడే” అంది పెద్దమ్మ.

నాకు దుఃఖం ఆగలేదు. ఇరవై ఏళ్ళు ఎగిరిన మనిషికి, ఈ కొత్త ఒప్పందంతో ఒక్క నిమిషం కూడా తిరిగి రాదు. ఆ మాటే అంటే, “పుస్తకం మీద ఏడవకు, సిరా పాకుతుంది” అని లాక్కుంది.

కొత్త పద్ధతి వచ్చాక నా మొదటి డ్యూటీ ఆ వారంలోనే పడింది. విమానంలో ఎవరూ అలాంటి పుస్తకం రాయమనరు. అయినా నేను ఒకటి కొని, ఆ పొద్దుటి పేజీ అంతా రాసుకొచ్చి పెద్దమ్మ ముందు పెట్టాను. ఆవిడ కళ్ళజోడు పెట్టుకుని అడుగు గడి దగ్గర మొదలుపెట్టింది. పని మొదలైన సమయం 6.10. ఆ అంకె మీద వేలు రెండుసార్లు అటూ ఇటూ జరిగింది. తర్వాత వరస వెంట వరస చదువుతూ పైకి వెళ్ళి, ఒక చోట ఆగింది. ‘6.20. కుంటుతున్న మామ్మగారిని చెయ్యి పట్టుకుని మూడో వరసకి తీసుకెళ్ళాను.’

మెచ్చుకుంటుందేమోనని నేను కాచుకుని కూర్చున్నాను.

“ఏ చెయ్యి పట్టుకున్నావు?” అంది.

“ఏమో, చూసుకోలేదు.”

“కుంటే కాలు ఎటుందో చూసుకుని, దానికి రెండోవైపు పట్టుకోవాలి. రేపు చూసుకో” అని, ఆ వరస పక్కన ఆకుపచ్చ సిరాతో టిక్కు పెట్టి, కళ్ళజోడు తీసి తుడుచుకుంది.